అడ్డుచెక్క

కారు కింద నుంచి హిదాయతుల్లా సాయిబు కాళ్ళు మాత్రమే బయటికి కనిపిస్తున్నాయి. "తొక్కు" అని కింద నుంచి కేక వస్తే దైవాధీనం పెడలు తొక్కుతున్నాడు. "పట్టు" అంటే కాలు అలాగే అదిమి ఉంచుతున్నాడు. "వదులు" అంటే వదులుతున్నాడు. తెల్లారిన దగ్గర్నుంచీ ఇదే వరస. కొత్తగా వేసిన గొట్టాల్లో ఇరుక్కున్న గాలి బుడగలన్నీ పోయి ఒట్టి ఆయిలే మిగిలేదాకా ఇలా తొక్కుతూనే ఉండాలట.

"ఏం సాయిబూ, ఇంకా ఎంతసేపు? నా మోకాలు అరిగిపోతోంది."

"నీ మోకాలికి కూడా రెండు చుక్కలు ఆయిలు పోస్తాలే. ముందు తొక్కు!"

దైవాధీనం నవ్వుకుంటూ తొక్కాడు. డ్రైవరు సీట్లో కూర్చోవడం అతనికి అదే మొదటిసారి. అద్దంలోంచి చూస్తే ఇనగుదురుపేట వీధి కాస్త కొత్తగా కనిపించింది. జీవితమంతా ఆ కారుతోనే గడిచింది కానీ, గడిచిందంతా బయటే. ఎడమ వైపు ఫుట్‌బోర్డు మీద నిలబడి కుడి చేత్తో తలుపు పట్టుకోవడం, ఎడమ చంకలో అడ్డుచెక్క ఇరికించుకోవడం, పల్లం రాగానే దూకి, కారు పక్కన పరిగెత్తి, ఆ చెక్కని ముందు చక్రం కింద పెట్టడం. అదీ అతని ఉద్యోగం. పొట్టి మనిషి. కాళ్ళు కొంచెం వంకర. చెక్క బరువుకి ఎడమ భుజం జారిపోయి, నిటారుగా నిలబడినా ఎటో ఒరిగినట్టే ఉంటాడు. పై పళ్ళలో ఒకటి లేదు. అది మోపిదేవి దగ్గర కాలవ వంతెన మీద పోయింది. పన్ను పోయినా చక్రం ఆగింది కదా అని ఆ రోజు పెద్ద డాక్టరుగారు అతనికి కమలాపళ్ళు కొనిపెట్టారు.

కృష్ణా డెల్టాలో పల్లాలేమిటి, అరచెయ్యిలా ఉంటుంది కదా అంటారేమో. ఆ మాట అన్నవాళ్ళు ఎప్పుడూ బ్రేకుల్లేని కారెక్కి ఉండరు. అడుగడుక్కీ కాలవ, కాలవకో వంతెన, వంతెన ఎక్కితే దిగొద్దూ? కృష్ణ ఒడ్డున కరకట్టలు లేవూ? కరకట్ట మీద నుంచి రేవులోకి దిగే దారి ఉందే, అక్కడ మంచి బ్రేకులున్న బండికే చెమటలు పడతాయి.

ఈ నల్లకారు సంగతి సరేసరి. యుద్ధానికి ముందు ఊరు విడిచి వెళ్ళిపోతున్న ఒక దొర దగ్గర పెద్ద డాక్టరుగారు, అంటే జీవానందంగారు, కొన్నది. పెడలు తొక్కితే ఇనప కడ్డీలు లాగాలి, కడ్డీలు లాగితే చక్రాలు నాలుగూ పట్టుకోవాలి. దొర చేతిలో ఉన్నప్పుడు పట్టుకునే ఉంటాయి. బందరు ఉప్పుగాలికి తుప్పెక్కాక మాత్రం నాలుగు చక్రాలూ నలుగురు తోడికోడళ్ళలాగా తయారయ్యాయి. ఒకటి ఆగితే ఇంకోటి ఆగదు. వానాకాలమైతే ఏదీ ఆగదు. కోనేరు సెంటర్లో ఆగాలంటే ఇనగుదురుపేటలోనే తొక్కాలని ఊళ్ళో చెప్పుకునేవాళ్ళు. ఆ కారు బ్రేకులు దైవాధీనం అని కూడా అనేవాళ్ళు. అందులో వెటకారం ఎంత ఉందో నిజమూ అంతే ఉంది.

ఇప్పుడు ఆ కడ్డీలన్నీ పీకేసి హిదాయతుల్లా ఆయిలు బ్రేకులు వేశాడు. పెడలు తొక్కితే ఆయిలు వెళ్ళి నాలుగు చక్రాల్నీ ఒక్కసారే పట్టుకుంటుంది. ఆ కబురు బందరంతా పాకింది. దానితోపాటు ఇంకో మాటా పాకింది: పాపం, దైవాధీనం పొట్ట కొట్టేశారు. కారు తనంతట తనే ఆగితే చెక్క పెట్టేవాడితో పనేముంది? పది రోజులుగా ఎవరు ఎదురుపడినా అతని భుజం తట్టి ఒక నిట్టూర్పు విడుస్తున్నారు. చర్చిలోనైతే ఒకావిడ అతని పేరు పెట్టి ప్రార్థన కూడా చేసింది. దైవాధీనం తల వంచుకుని ఆమెన్ అన్నాడు. ఇంకేమంటాడు?

నిజమేమిటంటే, ఆ బ్రేకులు వెతికి తెచ్చింది దైవాధీనమే.

ఈ మాట హిదాయతుల్లాకీ డ్రైవరు బషీరుకీ తప్ప ఎవరికీ తెలియదని దైవాధీనం ధీమా. గుడివాడలో ఒక బియ్యం మిల్లువాళ్ళు ఇదే కంపెనీ కారు, తర్వాతి మోడలు, దాని ఇంజను ఊడదీసి మిల్లు ఆడించుకుంటున్నారని ఎవరో అంటే విన్నాడు. సెలవు దొరికినప్పుడల్లా బస్సెక్కి గుడివాడ వెళ్ళాడు. మిగతా కారు గడ్డివాము వెనకాల పడి ఉంది. సీట్లలో కోళ్ళు గుడ్లు పెడుతున్నాయి. అతను కారు కింద దూరి చూస్తే కడ్డీలు లేవు, గొట్టాలున్నాయి! మిల్లు ఇంజను దగ్గుతూ పనిచేస్తోందని తెలుసుకుని, హిదాయతుల్లాని వెంటబెట్టుకెళ్ళి దాన్ని బాగుచేయించాడు. బదులుగా చక్రాల సామానంతా అడిగి తెచ్చుకున్నాడు. లోపలి రబ్బరు కప్పులు మాత్రం పాడైపోతే బెజవాడ నుంచి తెప్పించారు. జీవానందంగారి కూతురు డాక్టరమ్మగారితో మాత్రం అన్నీ తనే వెతికి తెచ్చానని హిదాయతుల్లా చెప్పాడు. అలా చెప్పమని ఒట్టు పెట్టించుకుంది దైవాధీనమే.

ఇదంతా ఎందుకూ అంటే, మార్తమ్మ కోసం. మార్తమ్మ అతని భార్య. కూతురు రూతుని ఎదురుమొండిలో ఇచ్చారు. నాగాయలంక రేవులో పడవెక్కి కృష్ణ దాటితే ఆ లంక. కూతురి కాన్పుకని వెళ్ళిన మార్తమ్మ మనవడి బోసినవ్వు చూసి అక్కడే ఉండిపోయింది. నువ్వూ వచ్చెయ్యి, అల్లుడికి వలలు అల్లేవాళ్ళు లేక ఇబ్బందిగా ఉంది, నీ చేతికి పని ఉంటుంది అని కబురు. శనివారం శనివారం డాక్టరమ్మగారి కారు నాగాయలంక రేవుకి వెళ్తుంది. లంకల్లో ఉండే రోగులు పడవల మీద రేవుకి వస్తారు. ఆ పడవ నడిపే ఎల్లయ్యే మార్తమ్మ క్యారేజీనీ, మార్తమ్మ మాటల్నీ మోసుకొస్తాడు. కూర ఎంత వేడిగా ఉంటుందో మాటలూ అంతే వేడిగా ఉంటాయి. కిందటి వారం ఎల్లయ్య నడుం మీద చెయ్యి పెట్టుకుని అచ్చం మార్తమ్మలాగా అన్నాడు: "ఆ చక్రానికి అడ్డం పెట్టింది చాల్లే. వస్తావా, లేకపోతే మనవడికి తాతంటే క్యారేజీ గిన్నె అనే చెప్పమంటావా?"

వెళ్ళాలని ఉంది. కానీ ఎలా వెళ్ళడం? ఒకసారి అతనికి జ్వరం వస్తే చెక్క పట్టుకుని ఇంకెవరో వెళ్ళారు. చక్రం దాటిపోయాక పెట్టాడు ఆ మహానుభావుడు. కారు ముక్కు నదిలోకి దిగింది. డాక్టరమ్మగారి చెప్పుల్లో ఒకటి ఎదురుమొండి వైపు, ఒకటి సముద్రం వైపు కొట్టుకుపోయాయి. అందరూ నవ్వారు. దైవాధీనం నవ్వలేదు. జ్వరంతోనే లేచి వచ్చి కారు చుట్టూ తిరిగి చూసుకున్నాడు. జీవానందంగారు పోయే ముందు మంచం పక్కన కూర్చోబెట్టుకుని, "పాప తిరుగుతుందిరా ఈ కారులో" అని ఊరుకున్నారు. అంతకన్నా ఏమీ అనలేదు. అనక్కర్లేకపోయింది. కారు తనంతట తను ఆగేదాకా తను కదలకూడదని దైవాధీనం ఆనాడే అనుకున్నాడు. కారు ఆగడం నేర్చుకుంటే ఇక కదలొచ్చు. అందుకే గుడివాడ.

"అయిపోయింది. దిగు, దిగు" అంటూ హిదాయతుల్లా కారు కింద నుంచి పాక్కుంటూ వచ్చాడు. గడ్డం మీద ఆయిలు. పెడలు ఒకసారి తన చేత్తో నొక్కి చూసి మురిసిపోయాడు. "రాయిలాగా ఉంది చూడు. ఇవాళ రేవులో ఆగిందా, నువ్వు పడవెక్కొచ్చు."

"ఆగకపోతే?"

"ఆగకపోతే నేనే పడవెక్కి పారిపోతా."

డాక్టరమ్మగారి ఇంటి ఆవరణలో బయల్దేరే ముందు ప్రార్థన చేయడం పెద్ద డాక్టరుగారి నాటి ఆనవాయితీ. డాక్టర్ రాజకుమారి నలభై దాటిన మనిషి. చెంపల దగ్గర నెరిసింది. దైవాధీనానికి మాత్రం ఇప్పటికీ పాపగారే. ఆమె కళ్ళు మూసుకుంది. దైవాధీనం చెక్కని ఛాతీకి ఆనించుకుని తల వంచాడు. బషీరు టోపీ సర్దుకుని చేతులు కట్టుకున్నాడు. ప్రార్థనలో పెద్ద డాక్టరుగారు చేర్చిన వాక్యం ఒకటుంది: "ప్రభువా, ఈ బండి ఆగవలసిన చోట ఆగునట్లు కృప చూపుము." రాజకుమారి అక్కడికి వచ్చి ఒక్క క్షణం ఆగింది. కొత్త బ్రేకులు వేశాక కూడా ఆ మాట అనాలా అక్కర్లేదా అని ఆలోచించినట్టుంది. చివరికి అనేసింది. దైవాధీనం రెండుసార్లు ఆమెన్ అన్నాడు.

అతని బట్టల మూట వెనక సీటు కింద ఉంది. పొద్దున్నే ఎవరూ చూడకుండా తోశాడు. రెండు చొక్కాలు, పంచె, బైబిలు, మార్తమ్మకి బందరు హల్వా. వెళ్ళిపోతానని పాపగారితో చెప్పాలని వారం నుంచీ చూస్తున్నాడు. మాట గొంతు దాకా వస్తుంది, అక్కడ దానికి మాత్రం బ్రేకులు బ్రహ్మాండంగా పడతాయి.

కారు బయల్దేరింది. దైవాధీనం ఫుట్‌బోర్డు మీద తన చోటులో నిలబడ్డాడు. అక్కడ రబ్బరు పట్టా అతని పాదాల మేరకే అరిగిపోయి ఉంటుంది. పొద్దుటి గాలి చల్లగా తగిలింది. రెండు వైపులా ఊడ్పులైన చేలు. కాలవ గట్టు మీద కొంగలు. ఎదురొచ్చిన బస్సులోంచి ఒక డ్రైవరు చెయ్యి ఊపి, జాలిగా తల కూడా ఊపాడు.

చల్లపల్లి ముందర కాలవ వంతెన వచ్చింది. వంతెన దిగితే సెంటరు, సెంటర్లో నాంచారమ్మ ఇడ్లీ దుకాణం. కారు అక్కడ ఆగి తీరాలి. వంతెన నెత్తికి చేరగానే దైవాధీనం కాళ్ళు వాటంతట అవే సర్దుకున్నాయి. బషీరు కాళ్ళూ అంతే. కొత్త బ్రేకులన్న సంగతి ఇద్దరి బుర్రలకీ తెలుసు, కాళ్ళకే తెలియదు. బషీరు అలవాటుకొద్దీ సీట్లోంచి సగం లేచి, రెండు కాళ్ళతోనూ, పళ్ళు బిగించి తొక్కాడు. అదే క్షణంలో దైవాధీనం దూకాడు.

కారు ఆగింది. ఎలా ఆగిందంటే, ఎవరో మేకు కొట్టినట్టు అక్కడికక్కడే ఆగింది. మందుల పెట్టె ముందుకి దూకింది. రాజకుమారి గొడుగు వెళ్ళి బషీరు మెడకి తగులుకుంది. బషీరు ముక్కు స్టీరింగుకి కొట్టుకుంది. ఇన్నేళ్ళలో మొదటిసారిగా ఆగవలసిన చోటు కంటే ముందే ఆగిపోయింది కారు.

దైవాధీనం మాత్రం ఆగలేదు. కారు పక్కనే వస్తోందనుకుని, చెక్క చేత్తో పట్టుకుని, నడుం వంచి పల్లం పొడుగునా పరిగెత్తాడు. కుక్కలు మొరిగాయి. సైకిళ్ళవాళ్ళు తప్పుకున్నారు. నాంచారమ్మ దుకాణం ముందుకి వచ్చి, ఎప్పటిలా వంగి, చెక్క నేల మీద ఠపీమని పెట్టి తలెత్తితే చక్రం లేదు.

నాంచారమ్మ గరిటె పట్టుకుని అతని వంక చూసింది, రోడ్డు వంక చూసింది. "కారేదయ్యా?"

"వెనకాల వస్తోందమ్మా" అన్నాడు దైవాధీనం రొప్పుతూ.

దుకాణంలో వాళ్ళంతా పొట్ట చెక్కలయ్యేలా నవ్వారు. అతనూ నవ్వాడు. నవ్వి నవ్వి అరుగు మీద కూలబడ్డాడు. నాంచారమ్మే ముందుగా కళ్ళు తుడుచుకుని, ఆకులో ఇడ్లీలు పెట్టి తెచ్చింది. మామూలు కంటే రెండు ఎక్కువ. పైన నెయ్యి.

"తిను బాబాయ్. మీ వాళ్ళు నీ నోటి దగ్గర కూడు లాగేశారటగా. ముసలితనంలో ఎక్కడికెళ్తావు? ఇక్కడికొచ్చినప్పుడల్లా తినిపో. నా దగ్గర మొహమాటం పెట్టుకోకు."

ఇడ్లీ వేడిగా ఉంది. నెయ్యి కమ్మగా ఉంది. నిజం చెప్పేస్తే రెండు ఇడ్లీలు తగ్గుతాయేమోనన్న భయం కాదు కానీ, అంత ఆప్యాయంగా జాలిపడుతున్న మనిషిని ఎందుకు నిరాశపరచాలని దైవాధీనం మెదలకుండా తిన్నాడు. చట్నీ రెండోసారి వేయించుకున్నాడు.

కారు మెల్లగా, బహు జాగ్రత్తగా, పెళ్ళికూతురు నడిచినట్టు వచ్చి దుకాణం ముందు ఆగింది. రాజకుమారి దిగలేదు. ఆమె ఒళ్ళో బట్టల మూట ఉంది. సీటు కింద నుంచి ఎగిరొచ్చి ముడి విడిపోయింది. బైబిలు పైనే ఉంది. హల్వా పొట్లం ఆమె చేతిలో ఉంది.

"లోపలికి వచ్చి కూర్చో బాబాయ్" అంది.

"ఇక్కడే నిలబడతానండీ పాపగారూ."

"నిలబడి ఎక్కడికి దూకుతావు? కారు నీకంటే ముందే ఆగుతోందిగా. రా."

దైవాధీనం చెయ్యి కడుక్కుని, ముందు సీట్లో బషీరు పక్కన అంచున కూర్చున్నాడు. చెక్కని ఒళ్ళో పెట్టుకున్నాడు. తలుపు మూసుకోగానే గాలి ఆగిపోయింది. పులిగడ్డ దాటి దివిసీమలోకి వచ్చాక వెనక నుంచి రాజకుమారి అంది:

"హిదాయతుల్లా గారికి ఒట్లంటే లెక్కలేదు. నువ్వు రెండోసారి గుడివాడ వెళ్ళినప్పుడే నాకు చెప్పేశారు."

దైవాధీనం వెనక్కి తిరిగి చూడలేకపోయాడు. బషీరు రోడ్డు వంకే చూస్తూ పెదవి కొరుక్కున్నాడు. వాడు నవ్వు ఆపుకుంటున్నాడో, ఇంకేదైనా ఆపుకుంటున్నాడో తెలియలేదు.

"ఇవాళే వెళ్తావని మాత్రం చెప్పలేదు" అంది ఆమె. ఆ గొంతులో నిష్ఠూరం ఉంది. చిన్నప్పుడు ఫుట్‌బోర్డు మీద తననీ నిలబెట్టుకోమని మారాం చేసినప్పటి గొంతు. "నన్ను వదిలించుకోవడానికి ఇంత కష్టపడ్డావా బాబాయ్?"

"అయ్యో పాపగారండీ, ఎంతమాట!" అతను చెక్క మీద అరచెయ్యి రాస్తూ ఉండిపోయాడు. "వదిలించుకోవడానికి కాదండీ. వదిలిపెట్టి వెళ్తే రాత్రిళ్ళు నిద్ర పట్టాలి కదండీ. వానొస్తే చాలు, పాపగారు రేవు దిగుతున్నారేమో, చక్రం జారుతోందేమో అని లేచి కూర్చుంటాను. అక్కడికెళ్ళి అలా కూర్చుంటే మార్తమ్మ ఊరుకోదండీ."

రాజకుమారి నవ్వబోయింది. కళ్ళజోడు తీసి చీరచెంగుతో తుడుచుకుంది. "అయితే చూద్దాం. రేవులో ఆగితే వెళ్ళు. ఆగకపోతే ఆ మూట నేనే తాళం వేసి దాస్తాను."

"అలాగేనండీ" అన్నాడు దైవాధీనం. ఆగాలనే అనుకున్నాడు. ఆగకపోతే బాగుండునని కూడా, దేవుడు క్షమించాలి, ఒక్కసారి అనిపించింది.

నాగాయలంకలో కరకట్ట ఎక్కేసరికి రేవులో హడావిడిగా ఉంది. ఎల్లయ్య పడవ అప్పుడే ఒడ్డుకి వస్తోంది. పడవలో చాప మీద నిండు చూలాలు పడుకుని ఉంది. నిన్నటి నుంచీ నొప్పులట. బిడ్డ అడ్డం తిరిగిందని మంత్రసాని చేతులెత్తేసింది. రాజకుమారి ముందే దిగి రేవులోకి నడిచి, పడవలోనే ఆమె పొట్ట మీద చేతులు పెట్టి చూసింది. "బందరు తీసుకెళ్ళాలి. కారు నీళ్ళ దాకా దింపండి" అని కేకేసింది. ఈ మనిషిని కట్ట మీదికి మోయడమంటే ప్రాణంతో చెలగాటం.

దైవాధీనం అప్పటికే దిగి, పల్లం కింద, నీళ్ళకీ కారుకీ మధ్య నిలబడ్డాడు. అతని పాదాల కింద నాపరాళ్ళ మీద పల్చటి ఒండ్రు. కాలు పెడితే జారుతోంది. ఎన్నో ఏళ్ళుగా అతను నిలబడే చోటు అదే.

"బషీరూ, ఒక్క కాలితో తొక్కరా నాయనా. రెండూ వాడకు" అన్నాడు.

కారు ముక్కు కిందికి వంగింది. మెల్లగా దిగింది. నల్లటి బానెట్టు అతని మీదికి వస్తోంది. దైవాధీనం నడుం వంగింది. చెక్క చేతిలోకి వచ్చింది. ఇప్పుడు పెట్టాలి. సరిగ్గా ఇప్పుడే.

"పెట్టకు బాబాయ్!" అంది పడవ దగ్గర నుంచి రాజకుమారి. "చూడాలిగా."

అతను పెట్టలేదు. ఎడమ చెయ్యి దానంతట అది ముందుకి వెళ్తుంటే కుడి చేత్తో దాని మణికట్టు పట్టుకుని ఆపాడు. అలా తన చేతిని తనే పట్టుకుని, వంగి, ఊపిరి బిగబట్టి చక్రం వంక చూశాడు. చక్రం ఇంకొక్క చుట్టు తిరిగింది. ఆగింది.

అతను చూస్తూనే ఉన్నాడు. జారుతుందేమో. పాత కారైతే ఈపాటికి ముక్కుతూ, మూలుగుతూ బెత్తెడు జారేది. ఇది జారలేదు. నలుగురు కలిసి చూలాలిని చాపతో సహా ఎత్తి వెనక సీట్లోకి చేర్చారు. పక్కనే చూలాలి తల్లి కూడా ఎక్కింది. బరువుకి కారు ఊగింది కానీ చక్రం కదల్లేదు. ఒండ్రు మీద దాని అచ్చు ఎక్కడ ఆగిందో అక్కడే ఉంది.

దైవాధీనం నడుం ఎత్తాడు. సంతోషం పట్టలేక టైరు మీద ఒక్క చరుపు చరిచాడు. ఆ సంతోషం అడుగున ఒక చిన్న దిగులు, కొత్త చెప్పులో ఇసకలాగా. చేతులు రెండూ ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

"ఆగిందండీ పాపగారూ" అన్నాడు.

"ఆగింది" అంది రాజకుమారి. ఆలస్యం చేయడానికి వీల్లేదు. ఆమె ముందు సీట్లో కూర్చుంటూ మూట అతని చేతికిచ్చింది. హల్వా పొట్లం మళ్ళీ కట్టి, పైన పెట్టి, ముడి గట్టిగా వేసింది. "శనివారం రేవుకి వస్తావా?"

"క్యారేజీ ఇకమీదట మీకు తెస్తానండీ. మార్తమ్మ పులుసు తింటే మీరు కూడా ఎదురుమొండి వచ్చేస్తారు."

ఆమె అతని చెయ్యి పట్టుకుని, పెద్ద డాక్టరుగారి కూతురన్న సంగతి మరిచిపోయి, ఆ చేతిని కళ్ళకద్దుకుంది. బషీరు ముక్కు చీదాడు. ముక్కుకి దెబ్బ తగిలింది కదా, అందుకని.

దైవాధీనం చెక్కని నదిలో ముంచి మట్టి కడిగాడు. పూర్తిగా పోలేదు. ఫుట్‌బోర్డు మీద తన పాదాలు అరగదీసిన చోట పెట్టి, ఒక తాడుతో తలుపు పిడికి కట్టాడు. "దారిలో పడిపోకుండా చూడు మావా" అన్నాడు బషీరు.

"పడదు. అవసరం రాదులే. ఉంచు, అంతే."

కారు వెనక్కి కట్ట ఎక్కింది. ఎల్లయ్య గెడ వేసి పడవని నీళ్ళలోకి తోశాడు. "అమ్మయ్య, ఇవాళ్టి నుంచి నాకు తిట్లు మోసే పని తప్పింది" అన్నాడు. దైవాధీనం నవ్వుతూనే పడవలో కట్ట వంక తిరిగి కూర్చున్నాడు. కారు నల్ల చుక్కయి తాడిచెట్ల వెనక్కి వెళ్ళేదాకా చూశాడు. ఈ బండి ఆగవలసిన చోట ఆగునట్లు కృప చూపుము, అని పెదవులు కదిపాడు. తర్వాత ముందుకి తిరిగాడు. అవతలి ఒడ్డున ఒకావిడ నడుం మీద చెయ్యి పెట్టుకుని నిలబడి ఉంది. చంకలో పిల్లాడు.

ఆ చూలాలికి సాయంత్రానికి ఆడపిల్ల పుట్టింది. తల్లీ బిడ్డా క్షేమం.

మర్నాడు పొద్దున్న రాజకుమారి ఆసుపత్రికి బయల్దేరి కారులో కూర్చుంది. బషీరు ఇంజను వేసి గేరు మార్చాడు. కారు అంగుళం కదిలి, దేనికో ఆనుకుని ఆగిపోయింది. రాజకుమారి చేతిలో కాగితాలు చూసుకుంటూ, తలెత్తకుండానే, ఎడమ కిటికీలోంచి కేకేసింది. "చెక్క తీయి బాబాయ్!"

ఫుట్‌బోర్డు మీద ఎవరూ లేరు. బషీరు స్టీరింగు వంక చూస్తూ కూర్చున్నాడు.

"నేనేనండీ పెట్టింది" అన్నాడు చివరికి. "నిన్న బండి నిలిపాక."

సిమెంటు గచ్చు. గోలీ వేసినా దొర్లదు. రాజకుమారి దిగి, చీర కుచ్చిళ్ళు పట్టుకుని, చక్రం పక్కన కూర్చుంది. నల్లతుమ్మ చెక్క, టైరు ఒంపు ఎంతుందో అంత మేర నున్నగా గుంట పడి, ఒక మూల కృష్ణ ఒండ్రు ఇంకా వదలకుండా, చక్రాన్ని ఆపి పట్టుకుని ఉంది.